తల్లి చెయ్యి చూడండి

మార్చి రెండో వారం. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు. నల్లమలలో చెట్లు ఆకులు రాల్చేసి, మోదుగలు మాత్రం నిప్పు రంగు పూలతో నిలబడ్డ రోజులు. రోడ్డుకు కాస్త లోపలగా ఒక బండ మీద తల్లికోతి కూర్చుంది. దాని పొట్టకు అతుక్కుని పిల్ల. పుట్టి పది రోజులు కూడా అయి ఉండదు. ముడతలు పడ్డ గులాబీ ముఖం, ఆ ముఖానికి నప్పనంత పెద్ద చెవులు, ఒంటి మీద పల్చటి నల్ల వెంట్రుకలు. వెనక నుంచి ఎండ పడి చెవులు రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి.

కెమెరా ఎత్తి నాలుగడుగులు వేశాను. ఇంకో రెండు. నొక్కాను. స్క్రీన్ మీద చూసుకుంటే తల్లి వీపు తప్ప ఏమీ లేదు. బండ చుట్టూ తిరిగి అటు పక్కకు వెళ్లాను. మళ్లీ వీపే. మూడోసారి దగ్గరికి వెళ్లేసరికి తల్లి పిల్లను పొట్ట కింద ఇరికించుకుని చెట్టెక్కి పోయింది. గుంపంతా దాని వెంట కదిలింది. పొద్దున్నే మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాణ్ని, పది నిమిషాల్లో ఖాళీ బండ ముందు నిలబడ్డాను.

నాతో వచ్చిన చెంచు పెద్దాయన అడవిలో వాచర్‌గా పనిచేస్తాడు. అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. కోతులు పోయాక మెల్లగా అన్నాడు: “మీరు పిల్లను సూస్తున్రు సార్. తల్లి చెయ్యి సూడుండ్రి.”

కెమెరా పట్టిన ఇన్నేళ్లలో ఎవరూ చెప్పని పాఠం అది. అడవిలో పనికొచ్చినదానికంటే ఇంట్లో, ఆఫీసులో నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

తల్లి చెయ్యి ఏం చెబుతుంది? భయం లేనప్పుడు ఆ చేతికి వంద పనులు. చిగుళ్లు తెంపుతుంది, పక్కదాని తలలో పేలు వెతుకుతుంది, ఊరికే బండ మీద ఆనించి ఉంటుంది. మీ ఉనికి నచ్చకపోతే మొదట ఆ పని ఆగుతుంది. తర్వాత చెయ్యి పిల్ల వీపు మీదికి వస్తుంది. ఇంకాస్త అనుమానం వస్తే పిల్ల తోకనో కాలునో పట్టుకుంటుంది. తోక పట్టుకుని వెనక్కి లాగడం మీరూ చూసే ఉంటారు. ఎంతో ముద్దుగా ఉంటుంది, కానీ అది హెచ్చరిక. ఆ పైన పిల్ల పొట్ట కిందికి మాయమవుతుంది. గుర్రుగా చూడటం, నోరు తెరిచి బెదిరించడం, గండుకోతి ముందుకు దూకడం, ఇవన్నీ చిట్టచివరి మెట్లు. చాలామంది ఆ చివరి మెట్టు దాకా వెళ్లి, “కోతి ఉన్నట్టుండి మీద పడింది” అంటారు. ఉన్నట్టుండి కాదు. అది నాలుగుసార్లు చెప్పింది. చూసినవాళ్లు లేరు.

చెయ్యి పిల్ల వీపు మీదికి వెళ్లిందంటే మీరు ఒక అడుగు ఎక్కువ వేశారన్నమాట. ఆ అడుగు వెనక్కి తీసుకోండి. దీనికి ఏ కెమెరా పుస్తకమూ అక్కర్లేదు.

ఇప్పుడు ఇంటికి రండి. మీరు గదిలోకి అడుగుపెట్టగానే ఏమవుతుందో ఈ వారం గమనించండి. అమ్మాయి చేతిలోని ఫోన్ బోర్లా పడుతోందా? నవ్వుతూ మాట్లాడుకుంటున్న ఇద్దరు ఉద్యోగులు కుర్చీలు సర్దుకుంటున్నారా? అప్పటిదాకా పొడుగ్గా సాగిన మాట “ఏం లేదు సార్” దగ్గర ఆగిపోతోందా? అవన్నీ తల్లి చేతులే. వాళ్లు మీకు చెప్పరు. చెప్పలేరు. మీరే చూడాలి. నేను మా అమ్మాయి గదిలోకి వెళ్లినప్పుడల్లా ఆమె పుస్తకం మూసేసేది. చదువుకునే పిల్ల కదా, మర్యాద అనుకునేవాణ్ని. నల్లమల నుంచి వచ్చిన వారానికి అర్థమైంది, అది వీపు మీదికి వెళ్లిన చెయ్యి అని. ఆ పుస్తకం వెనకాల తను వేసుకునే బొమ్మలు ఉండేవని తెలియడానికి నాకు మరో ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో నేను చేసిందల్లా ఒక్కటే: గదిలోకి వెళ్లి, ఏమీ అడగకుండా, కిటికీ దగ్గర కూర్చుని నా పని నేను చేసుకోవడం.

కూర్చోవడం అనే పని

రెండో రోజు పెద్దాయన నన్ను నిలబడనివ్వలేదు. కోతుల గుంపు కనిపించగానే ఇంకా చాలా దూరంలోనే కూర్చోబెట్టాడు. కెమెరా బ్యాగులోనే ఉంచమన్నాడు. “మనమొచ్చినమని వాటికి ఎరుకైంది సార్. ఇగ మనతోని పని లేదని గూడ ఎరుక కావాలె.”

ఈ రెండో ఎరుక రావడానికి ఆ రోజు ముప్పావు గంట పట్టింది. ఆ సమయంలో మనం చేయాల్సినవీ చేయకూడనివీ కొన్ని ఉన్నాయి. అన్నిటికీ కారణం ఉంది. కోతుల లోకంలో కళ్లలోకి సూటిగా చూడటం బెదిరింపు. మీరు లెన్స్ ఎత్తితే అది రెప్పవేయని పెద్ద కన్ను. దాని వెనక మీరెంత ప్రేమగా ఉన్నారో దానికి తెలియదు. కాబట్టి కాసేపు చూసి, తల తిప్పి ఎటో చూడండి, మళ్లీ చూడండి. పళ్లు కనబడేలా నవ్వకండి. వాటి భాషలో పళ్లు బయటపెట్టడం భయానికో లొంగుబాటుకో గుర్తు, మన నవ్వు అక్కడ నవ్వుగా చేరదు. నేరుగా గుంపు మీదికి నడవకండి. పక్కగా, వేరే ఎక్కడికో పోతున్నట్టు నడిచి ఆగండి. ప్లాస్టిక్ కవరు తీసుకెళ్లకండి. శ్రీశైలం రోడ్డు మీది కోతికి కవరు గరగర అంటే అరటిపండే. బ్యాగు జిప్పు చప్పుడుకు కూడా తలలు తిప్పే కోతులున్నాయి అక్కడ.

దూరం మాటకు వస్తే ఒక కొలత ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్‌లోని కోతిజాతుల నిపుణుల బృందం 2021లో ఫోటోల విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషికీ జంతువుకీ మధ్య కనీసం 7 మీటర్లు ఉండాలన్నది అందులో ముఖ్యమైన సూచన. మనిషి పక్కన కోతిపిల్ల ఉన్న ఫోటో చూసినవాళ్లకు అది పెంచుకునే జంతువు అనిపిస్తుంది, పిల్లల్ని పట్టి అమ్మేవాళ్లకు గిరాకీ పెరుగుతుంది. జబ్బులు కూడా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతాయి. కర్ణాటకలోని క్యాసనూరు అడవుల్లో 1957లో కోతులు కుప్పలుగా చనిపోయినప్పుడు బయటపడిన జ్వరం ఇప్పటికీ పిడుదుల ద్వారా మనుషులకు సోకుతూనే ఉంది. మీకు జలుబు ఉంటే ఆ రోజు వెళ్లకండి.

7 మీటర్లంటే సుమారు 23 అడుగులు. ఫోన్‌తో అంత దూరం నుంచి పిల్ల కళ్లు రావని మీరు బాధపడవచ్చు. రావు. అయితే ఫోన్‌తో వచ్చే ఫోటో వేరే ఉంది: బండ, చెట్టు, గుంపు, ఆ మధ్యలో చుక్కంత పిల్ల. ఆ పిల్ల ఎక్కడ పుట్టిందో, ఎంత పెద్ద లోకంలో ఎంత చిన్నగా ఉందో చెప్పే ఫోటో అది. మన దగ్గర ఉన్న పరికరంతో ఏ ఫోటో వస్తుందో ఆ ఫోటోనే తీయాలి. లేని పొడుగు లెన్స్‌కు బదులు మన కాళ్లు వాడితే, ఆ ఖర్చు తల్లి భరించాలి.

ముప్పావు గంట కూర్చున్నాక ఏం జరిగిందో చెబుతాను. ఒక ముసలి ఆడకోతి మా ముందు నుంచే నడిచి వెళ్లింది, మా వైపు చూడకుండా. అంతే. దాని వెనక మరో రెండు. గుంపులో పెద్దవాళ్లు మనల్ని పట్టించుకోవడం మానేస్తే, మిగతావాళ్లు కూడా మానేస్తారు. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. మొదటి రోజే అందరినీ నవ్వించాలని, అన్నీ తెలిసినట్టు కనిపించాలని ప్రయత్నించకండి. మీ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదన్న సంగతి ముందు వాళ్లకు తెలియనివ్వండి. తొందరపడి చేసిన స్నేహంలో కూడా వీపులే పడతాయి.

మీ వేళ, వాటి వేళ

ఫోటోలు తీసేవాళ్లందరికీ పొద్దుటి ఎండ మీద, సాయంత్రపు ఎండ మీద మక్కువ. నాకూ అంతే. కానీ పొద్దున కోతులు తిండి వెతుక్కునే హడావుడిలో ఉంటాయి. తల్లి నడుస్తూ ఉంటుంది, పిల్ల పొట్ట కింద వేలాడుతూ ఉంటుంది. పిల్లలు ఒడి దిగి ఆడుకునేది పెద్దవాళ్లు కడుపు నిండి, నీడపట్టున చేరి, ఒకరి వెంట్రుకలు ఒకరు సవరించుకునే మధ్యాహ్నం వేళ. ఎండ తలమీద నిప్పులు పోసే వేళ. ఏ ఫోటోగ్రాఫరూ ఇష్టపడని వెలుగు.

అంటే మనకు అనువైన గంటలో వాళ్లకు తీరిక లేదు. వాళ్లకు తీరిక ఉన్న గంట మనకు అనువు కాదు. ఎవరు సర్దుకోవాలి? నేను పదకొండింటికే కెమెరా సర్దుకుని హోటల్‌కు పోయేవాణ్ని, ఇన్నాళ్లూ. పిల్లలతో మాట్లాడటానికి మనం ఎంచుకునే వేళ గుర్తు చేసుకోండి. మనం ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, టీ తాగాక. అప్పుడు వాళ్లకు హోంవర్కు. వాళ్లకు చెప్పాలనిపించేది ఏ రాత్రి పదకొండుకో, మనకు కళ్లు మూతలు పడుతున్నప్పుడు. ఆ వెలుగు బాగుండదు. అయినా కెమెరా అప్పుడే తీయాలి.

మధ్యాహ్నం వెలుగుకు ఉపాయాలు లేకపోలేదు. చెట్టు నీడ పూర్తిగా పరుచుకున్న చోటు ఎంచుకోండి. ఆకుల సందుల్లోంచి మచ్చలు మచ్చలుగా పడే ఎండలో ముఖం సగం తెల్లగా, సగం నల్లగా వస్తుంది. ఆడుకునే పిల్ల ఒక్క క్షణం కుదురుగా ఉండదు కాబట్టి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గనివ్వకండి. నీడలో అందుకు ఐఎస్ఓ పెంచాల్సి వస్తుంది, పెంచండి. ఫోటోలో గరుకుదనం వస్తే క్షమించవచ్చు, చెదిరిన కన్నును క్షమించలేం. తల్లీ పిల్లా ఇద్దరి ముఖాలూ స్పష్టంగా రావాలంటే లెన్స్ పూర్తిగా తెరవకండి, ఎఫ్ 8 దగ్గర ఉంచండి. ఫ్లాష్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కెమెరాలో చప్పుడు లేకుండా తీసే ఏర్పాటు ఉంటే అది పెట్టుకోండి. నిలబడి కిందికి తీస్తే పిల్ల బొమ్మలా కనిపిస్తుంది. దాని ఎత్తుకు వంగితే తనకంటూ ఒక బతుకు ఉన్న ప్రాణిలా కనిపిస్తుంది.

అరటిపండు ఎందుకు వద్దంటే

రోడ్డు మీద కారు ఆపి పండ్లు విసిరేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. హనుమంతుడి పేరు చెప్పుకుని, పుణ్యం అనుకుని ఇస్తారు. వాళ్లను తిట్టాలని నాకు లేదు. కానీ పిల్లకోతి ఫోటో కోసం పండు చూపించేవాణ్ని నేను ఆపుతాను. చెప్పి చూస్తాను, వినకపోతే వాదిస్తాను. ఎందుకో చెబుతాను.

1980లలో న్యూయార్క్‌లో లియోనార్డ్ రోజెన్‌బ్లమ్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఆయన దగ్గర ఉన్నవి మన కోతులే, తల మీద టోపీ పెట్టుకున్నట్టు వెంట్రుకలు చీలి ఉండే బానెట్ మకాక్‌లు. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకని జాతి. కొందరు తల్లులకు తిండి ఎప్పుడూ సులువుగా దొరికేలా చేశారు. కొందరికి ఎప్పుడూ కష్టపడి వెతుక్కుంటేనే దొరికేలా చేశారు. మూడో జట్టుకు కొన్నాళ్లు సులువు, కొన్నాళ్లు కష్టం. ఎప్పుడు ఏదో తల్లికి తెలియదు. ఎవరి పిల్లలు ఎక్కువ బెదురుగా పెరిగారు? కష్టపడ్డ తల్లుల పిల్లలు అనుకుంటాం. కాదు. ఎప్పుడేం జరుగుతుందో తెలియని తల్లుల పిల్లలు. వాళ్లే తల్లిని ఎక్కువ అంటిపెట్టుకున్నారు, కొత్తదాన్ని ముట్టుకోవడానికి ఎక్కువ జంకారు.

నేను ఈ ప్రయోగం గురించి చదివిన రోజు చాలాసేపు కుదురుగా కూర్చోలేకపోయాను. కష్టం పిల్లను అంతగా బెదరగొట్టలేదు, నిలకడ లేనితనం బెదరగొట్టింది. శనాదివారాల్లో కార్లు బారులు తీరి, మంగళవారం రోడ్డు ఖాళీగా ఉండే ఆ దారిలో కోతి తల్లుల గతి ఏమిటని నాకు అనిపించింది. ఇది నా ఊహ, శాస్త్రం కాదు. కానీ మన ఇళ్ల గురించి అనుకున్నప్పుడు ఊహ అవసరం లేదు. ఒకరోజు మార్కులు తగ్గితే “పర్వాలేదు కన్నా”, ఇంకోరోజు అవే మార్కులకు ఇల్లు ఎగిరిపోయేంత అరుపు. ఒకరోజు ఆలస్యంగా వచ్చిన ఉద్యోగితో నవ్వుతూ టీ, మర్నాడు అదే ఆలస్యానికి అందరి ముందు నిలబెట్టడం. కఠినంగా ఉండే తండ్రి దగ్గర, బాసు దగ్గర మనుషులు ఏదో విధంగా బతకడం నేర్చుకుంటారు. ఎప్పుడెలా ఉంటాడో తెలియనివాడి దగ్గర వాళ్ల చెయ్యి ఎప్పుడూ వీపు మీదే ఉంటుంది. మీరు మారాల్సింది ఒకటే ఉంటే అది ఇదే: మంచిగా ఉండటానికి ముందు, ఒకేలా ఉండండి.

పెద్దవాళ్లు కూడా ఈ అరటిపండు దగ్గర తడబడ్డారు. చింపాంజీలను పరిశీలించడానికి జేన్ గూడాల్ 1960లో ఆఫ్రికాలోని గోంబే అడవులకు వెళ్లారు. చింపాంజీలు కోతులు కావు, తోకలేని వానరాలు, మనకు మరీ దగ్గరి చుట్టాలు. అవి నెలల తరబడి ఆమెను చూసి పారిపోయాయి. తర్వాత శిబిరం దగ్గర అరటిపండ్లు పెట్టడం మొదలుపెట్టాక దగ్గరికి వచ్చాయి. ఫోటోగ్రాఫర్ హ్యూగో వాన్ లావిక్ కెమెరాకు చింపాంజీ తల్లులూ పిల్లలూ చిక్కిన రోజులవి. కానీ పండ్ల కోసం గుమిగూడినచోట పోట్లాటలు పెరిగాయి. ఆ పద్ధతిని తర్వాత బాగా తగ్గించుకుంటూ వచ్చారు. అంతటి మనిషి, ప్రపంచమంతా మెచ్చుకుంటున్న వేళ, తన పద్ధతిని తనే సరిదిద్దుకున్నారు. నాకు ఆమె తీరులో అన్నిటికంటే నచ్చే సంగతి ఇది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కోతిపిల్లను చూసి మురిసిపోయే తీరిక అందరికీ లేదు. కందిచేను, మొక్కజొన్న చేను పోగొట్టుకున్న రైతుకు, వంటింట్లో కుండలు దొర్లించుకున్న ఇల్లాలికి ఆ గుంపు బెడద. తెలంగాణ పల్లెల్లో ఈ బాధ నిజమైనది. మీ ఫోటో చూసి ఎవరైనా “మా ఊరికి రా, చూపిస్తాం” అంటే కోపగించుకోకండి. వెళ్లండి. ఆ చేను కూడా తీయండి.

కొండముచ్చు దగ్గర నేర్చుకున్నది

కోతి దగ్గర నేర్చిన పాఠం కొండముచ్చు దగ్గర కొంత తిరగబడుతుంది. కొండముచ్చు పిల్ల పుట్టిన కొద్ది గంటల్లోనే చేతులు మారుతుంది. అత్తలు, పిన్నమ్మలు, అక్కలు అన్నట్టు గుంపులోని ఆడవన్నీ దాన్ని ఎత్తుకోవాలని చూస్తాయి. వెండి రంగు పెద్దల మధ్య ఆ ముదురు రంగు పిల్ల ఇట్టే తెలిసిపోతుంది. కొన్ని నెలల్లో దానికీ పెద్దల రంగు వస్తుంది, అప్పటిదాకా దాన్ని చూడని కన్ను లేదు. కాబట్టి పిల్లను ఎత్తుకున్నది తల్లే అనుకుని పొరపడకండి. ఎవరి దగ్గర అది అరుస్తోందో, ఎవరి దగ్గర ఊరుకుంటోందో చూడండి.

ఫోటోలో తంటా ఏమిటంటే, లేత రంగు జూలు మధ్యలో నల్లటి ముఖం. ఎండపడే జూలు చూసి కెమెరా బొమ్మను ముదురు చేస్తుంది, నల్ల ముఖంలో కళ్లు మాయమవుతాయి. కాస్త ఎక్కువ వెలుగు ఇవ్వండి, కంటిలో మెరుపు పడే కోణం దొరికేదాకా ఆగండి. ఆ చిన్న మెరుపు లేకపోతే కొండముచ్చు ముఖం ముసుగులా ఉంటుంది.

అంత ఆప్యాయంగా పిల్లల్ని పంచుకునే ఆ గుంపుల్లోనే, కొత్త మగ కొండముచ్చు పాతదాన్ని తరిమి గుంపును చేజిక్కించుకున్నప్పుడు చంటిపిల్లల్ని చంపడం కూడా జరుగుతుంది. 1960ల మొదట్లో ధార్వాడ దగ్గర జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా దీన్ని కళ్లారా చూసి రాశాడు. తర్వాత మౌంట్ ఆబూలో ఏళ్ల తరబడి పరిశీలించిన సారా హర్డీ 1977లో పుస్తకమే తెచ్చింది. మీరు చెట్టు చాటు నుంచి బయటికి వచ్చినప్పుడు ఆ తల్లి ఎందుకంత ఉలిక్కిపడుతుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది. తెలియని ఆకారం దగ్గరికి రావడమంటే దానికి చిన్న విషయం కాదు. అతిగా భయపడుతున్నట్టు కనిపించే మనిషిని చూసి విసుక్కునే ముందు, ఆ భయం ఎక్కడ పుట్టిందో మనకు తెలియదని గుర్తుంచుకోండి.

పట్టు ఎవరిది?

మన పెద్దలు భక్తికి చెప్పిన ఉపమానాల్లో మర్కట కిశోర న్యాయం ఒకటి. పిల్లకోతి తనంతట తాను తల్లిని పట్టుకుని ఉండాలి, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లి పిల్లకైతే ఆ బాధ లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. అది మార్జాల కిశోర న్యాయం. శ్రీవైష్ణవంలో శరణాగతి గురించిన వాదనంతా ఈ రెండు పిల్లల మీద నడిచింది. చిన్నప్పుడు మా తాతయ్య ఈ కథ చెబుతుంటే నేను పిల్లిపిల్ల పక్షమే ఉండేవాణ్ని, సుఖంగా ఉంటుందని.

అడవిలో నెల రోజులు చూశాక ఆ ఉపమానం నాకు ఇంకా అందంగా అనిపించింది. పిల్ల పట్టు నిజమే. ఆ చిన్న వేళ్లు తల్లి వెంట్రుకల్ని పట్టుకునే తీరు చూస్తే గుండె ఝల్లుమంటుంది. తల్లి కొమ్మ మీంచి కొమ్మకు దూకేటప్పుడు దాని నాలుగు కాళ్లకూ పని ఉంటుంది, పిల్లను పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. ఆ గాలిలో ఉన్న క్షణం పూర్తిగా పిల్లదే. కానీ మరీ చిన్న పిల్ల ఉన్న తల్లి నేల మీద మూడు కాళ్లతో నడుస్తూ, నాలుగో చేత్తో పిల్లను ఆనించుకోవడం కూడా చూశాను. పిల్ల వారం వారం గట్టిపడుతుంటే ఆ చెయ్యి వారం వారం తగ్గుతుంది. ముందు నడకలో వదిలేస్తుంది. తర్వాత ఒడి దిగనిచ్చి తోక పట్టుకుంటుంది. తర్వాత తోక కూడా వదిలి చూపుతో పట్టుకుంటుంది. చివరికి పాలు మాన్పించే రోజులు వస్తాయి. పిల్ల నేల మీద పడి ఏడ్చి గోల చేస్తుంది, తల్లి తల తిప్పుకుని కూర్చుంటుంది. మూడో నెలలో తోక పట్టుకున్న తల్లికీ, ఏడుపు వినిపించనట్టు కూర్చున్న తల్లికీ ప్రేమలో తేడా ఏమీ లేదని నేను నమ్ముతున్నాను. పిల్లల్ని పెంచేవాళ్లు, కొత్తవాళ్లకు పని నేర్పేవాళ్లు తమను తాము అడగాల్సిన ప్రశ్న ఇది: నేనిప్పుడు ఏ వారంలో ఉన్నాను? మొదటి వారంలో చెయ్యి తీసేస్తున్నానా? ఆరో నెలలో ఇంకా తోక పట్టుకుని ఉన్నానా?

నొక్కని ఫోటో

మూడో ప్రయాణంలో ఒక తల్లిని చూశాను. చేతిలో పిల్ల ఉంది కానీ వేలాడుతున్న తీరు వేరుగా ఉంది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. పిల్ల చనిపోయి రెండు మూడు రోజులై ఉంటుందన్నాడు. కోతి తల్లులు చనిపోయిన పిల్లను రోజుల తరబడి మోస్తాయని చదివాను. చూడటం అదే మొదటిసారి. ఆ తల్లి ఈగలు తోలుతోంది. నడుస్తూ ఆగి, పిల్లను బండ మీద పెట్టి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి తీసుకుంది.

కెమెరా నా చేతిలోనే ఉంది. వెలుగు బాగుంది. ఆ ఫోటోకు బహుమతి వచ్చేదేమో కూడా. తీయడం తప్పని నేను అనను. దూరం నుంచి, తల్లిని కదిలించకుండా, గౌరవంగా తీసినవాళ్లు ఉన్నారు. ఆ ఫోటోల వల్ల మనకు ఎంతో తెలిసింది. నేనైతే తీయలేదు. ఎందుకంటే లెన్స్ ఎత్తబోతుంటే అది నా వైపు చూసి, చనిపోయిన పిల్లను పొట్ట కిందికి లాక్కుంది. చెయ్యి వీపు మీదికి వెళ్లింది. ప్రాణం ఉన్నా లేకపోయినా నియమం ఒకటే.

మంచి ఫోటోల వెనక ఇలాంటి నొక్కనివి చాలా ఉంటాయి. 2018లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి ఫోటోగ్రఫీ పోటీలో మొదటి బహుమతి డచ్ ఫోటోగ్రాఫర్ మార్సెల్ వాన్ ఊస్టెన్‌కు వచ్చింది. చైనాలోని చిన్‌లింగ్ కొండల్లో రెండు బంగారు రంగు కోతులు బండ మీద కూర్చుని, లోయలో జరుగుతున్న గొడవను చూస్తున్న బొమ్మ. ఆ గుంపులో ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో అర్థం చేసుకోవడానికి ఆయన రోజుల తరబడి చూస్తూ కూర్చున్నాడు. బహుమతి ఆ నొక్కిన క్షణానికి వచ్చింది, పని మాత్రం దానికి ముందే జరిగిపోయింది. ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాడికి, దుకాణం పెట్టబోతున్న అమ్మాయికి నేను చెప్పేదీ ఇదే. ముందు వెళ్లి కూర్చోండి. వీధిలో ఎవరు ఎన్నింటికి వస్తున్నారో, ఏమడిగి లేదనిపించుకుని వెళ్లిపోతున్నారో చూడండి. ఒక నోటుపుస్తకం చాలు.

ఏప్రిల్ మొదట్లో మళ్లీ వెళ్లాను. అదే గుంపు, అదే తల్లి అని పెద్దాయన అన్నాడు. దాని పై పెదవి మీద చిన్న గాటు ఉంది. ఇప్పచెట్టు నీడ. కింద రాలిన ఇప్పపూల వాసన. మేము ఎప్పటిలాగే దూరంగా కూర్చున్నాం. ఒంటిగంట దాటాక పిల్లలు ఐదు, పడిపోయిన మాను మీదికి ఎక్కడం, ఒకదాన్నొకటి కిందికి తోసుకోవడం మొదలుపెట్టాయి. నా పిల్ల కూడా వాటిలో ఉంది. చెవులు ఇంకా పెద్దవే.

నలభై ఫోటోల దాకా తీశాను. సాయంత్రం మన్ననూరు టీకొట్టు ముందు కూర్చుని వాటిలో ఒకటి ఫోన్‌లోకి ఎక్కించుకుని పెద్దాయనకు చూపించాను. పిల్ల మాను మీంచి వెనక్కి పడిపోతోంది, నోరు తెరిచి, కాళ్లు నాలుగూ గాలిలో. బాగా వచ్చింది. కొంచెం మూల కత్తిరిస్తే ఇంకా బాగుంటుందని అన్నాను. ఆ మూలలో తల్లి ఉంది, సగమే పడింది. కళ్లు మూసుకుని ఉంది, వెనక నుంచి ఎవరో దాని తలలో వెతుకుతున్నారు. ఒక చెయ్యి బండ మీద వెల్లకిలా వాలి ఉంది, వేళ్లు విచ్చుకుని.

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. పిల్లను చూడలేదు. మూలన ఉన్న ఆ చేతి మీద వేలు ఆనించి, “ఇగో” అన్నాడు.